చిన్న సీఎన్‌సీ మిషన్‌తో ఏ పని ఒప్పుకోవాలి, ఏది వద్దనాలి: అనంతపురం నుంచి ఒక సమగ్ర మార్గదర్శి

జూన్‌లో మృగశిర వానలు పడగానే ఒక రైతు మా వీధి చివరి లేత్ షాపుకి వచ్చాడు. చేతిలో వేరుశనగ విత్తే గొర్రులోని సీడ్ ప్లేట్ (గింజల్ని గుంతల్లో పట్టి వదిలే పళ్లెం), రెండు ముక్కలై ఉంది. కొత్తది తెప్పించుకోవాలంటే వారం పడుతుంది. ఈలోగా నేలలో పదును ఆరిపోతుంది. లేత్ అన్న ఆయన్ని నా దగ్గరికి తీసుకొచ్చి, "నీ కాడ కంప్యూటర్ మిషన్ ఉండాది గదప్పా, ఇది చేసియ్యి" అన్నాడు.

నాది చిన్న సీఎన్‌సీ మిషన్, కంప్యూటర్ చెప్పినట్టు తిరిగే కట్టర్‌ని నడిపి ముక్కని చెక్కేది. నేను హుషారుగా అల్యూమినియంలో చేస్తానన్నాను. రాత్రి ఎనిమిదింటికి మొదలుపెడితే పన్నెండు దాటింది. మూడు కట్టర్లు విరిగాయి. తీరా చూస్తే ప్లేటు గుండ్రంగా లేదు, నాలుగు చోట్ల చదునుగా నొక్కినట్టు ఉంది. తెల్లవారాక అదే డిజైన్‌ని 6 మి.మీ. హెచ్‌డీపీఈ ప్లాస్టిక్ షీటులో కోశాను. టీ తాగి వచ్చేసరికి అయిపోయింది. ఆ సీజన్ అంతా ఆ గొర్రులో తిరిగింది ఆ ప్లాస్టిక్ ప్లేటే.

మిషన్ అదే, మనిషి అదే, డిజైన్ అదే. నాకు తెలియనిదల్లా నా మిషన్ ఎక్కడ వంగుతుందో, ఎంత వంగుతుందో. ఇప్పుడైతే ఏ వరుసలో నేర్చుకునేవాడినో ఆ వరుసలోనే ఇక్కడ రాస్తున్నాను. ఆన్‌లైన్‌లో 3018 పేరుతో దొరికే మిషన్‌నే ఉదాహరణగా తీసుకున్నాను, ఎందుకంటే ఎక్కువమంది మొదట కొనేది అదే. మీది వేరే మోడల్ అయితే అంకెలు మారతాయి, పద్ధతి మారదు.

మొదటి అడుగు: మిషన్ కంటే ముందు పనులు రాసుకోండి

3018 అన్న పేరులోనే దాని కొలత ఉంది. ఒక వైపు 300 మి.మీ., ఇంకో వైపు 180 మి.మీ. పైకీ కిందికీ కదిలేది 45 మి.మీ. దాకా. ఈ 45 చూసి మోసపోవద్దు. అందులోంచి చెక్క మందం, కింద వేసే పలక మందం, కట్టర్ పొడవు తీసేస్తే చేతికి మిగిలేది చాలా తక్కువ. కట్టర్‌ని తిప్పే మోటార్ (దీన్నే స్పిండిల్ అంటారు) 775 రకం, 24 వోల్టుల డీసీ మోటార్, ఖాళీగా తిరిగినప్పుడు నిమిషానికి సుమారు 10,000 చుట్లు. మిషన్‌తో వచ్చే పవర్ సప్లై చాలావాటిలో 24 వోల్టులు, 5 ఆంపియర్లు. అంటే మొత్తం 120 వాట్లు. మిషన్‌ని మూడు దిశల్లో నడిపే మూడు స్టెప్పర్ మోటార్లూ, కంట్రోలరూ, స్పిండిలూ అందరూ ఆ 120లోనే పంచుకోవాలి. మన వంటింట్లో పచ్చడి రుబ్బే మిక్సీకి 750 వాట్లు ఉంటాయి.

కాబట్టి ముందు ఒక కాగితం తీసుకుని, వచ్చే ఆరు నెలల్లో మీరు నిజంగా చేయబోయే పది పనులు రాయండి. మన వైపు ఈ మిషన్‌కి బాగా సరిపోయేవి నా లెక్కలో ఇవి: టేకు, ఎండీఎఫ్ (చెక్కపొడి అదిమి చేసిన పలక), అక్రిలిక్ మీద ఇంటి పేర్ల బోర్డులు. మోటార్ స్టార్టర్ల బాగుచేత చేసేవాళ్లకి ఒకటీ రెండూ కావలసిన పీసీబీలు (ఎలక్ట్రానిక్ సర్క్యూట్ బోర్డులు). రబ్బరు స్టాంపుల అచ్చులు. హెచ్‌డీపీఈ, నైలాన్‌తో చిన్న చిన్న స్పేర్ ముక్కలు. ప్రొద్దుటూరు నగల పనివాళ్లకి పోత పోయడానికి ముందు చెక్కే మైనం నమూనాలు. ఈ చివరిదాన్ని చాలామంది పట్టించుకోరు గానీ, చిన్న మిషన్‌కి మైనం కంటే మంచి పదార్థం లేదు. బలం అక్కర్లేదు, ఓపిక కావాలి. ఓపిక మిషన్‌కి ఎంతైనా ఉంటుంది.

మీ జాబితాలో పది పనుల్లో నాలుగు ఇనుముతో అయితే ఇక్కడే ఆగిపోండి. ఆ డబ్బుతో పాత లేత్‌లో భాగం తీసుకోవడం మేలు. నిమ్మలకుంట తోలుబొమ్మలకి చిల్లులు ఈ మిషన్‌తో కొట్టొచ్చా అని ఒకసారి నన్ను అడిగారు. తిరిగే కట్టర్ తోలుని కోయదు, పీకుతుంది. అది ఉలి పని, ఉలికే వదిలేయాలి.

రెండో అడుగు: మీ మిషన్ ఎక్కడ వంగుతుందో కొలవండి

ఇది ఎవరూ చేయరు. నేనూ మొదట చేయలేదు. మోటార్ ఎన్ని వాట్లు అని అడుగుతాం గానీ, చిన్న మిషన్‌ని ఆపేది మోటార్ కాదు, వంగుడు. పెద్ద వర్క్‌షాపుల్లోని వీఎంసీ (భారీ సీఎన్‌సీ) మిషన్ బరువు టన్నుల్లో ఉంటుంది. మన 3018ని ఒక చేత్తో లేపి అటక మీద పెట్టొచ్చు. కట్టర్ లోహాన్ని నెడితే లోహం కూడా కట్టర్‌ని అంతే నెడుతుంది. టన్నుల బరువున్న పోత ఇనుము ఆ తోపుని లెక్కచేయదు. మన మిషన్ పక్కకి తప్పుకుంటుంది.

ఎంత తప్పుకుంటుందో లెక్క వేయొచ్చు. 3018లో స్పిండిల్ ఉండే బండి 10 మి.మీ. మందం ఉక్కు కడ్డీలు రెండింటి మీద నడుస్తుంది. 300 మి.మీ. దూరంలో కొనలు ఆనించిన అలాంటి రెండు కడ్డీల మధ్యలో 2 కిలోల బరువు వేస్తే అవి సుమారు 0.06 మి.మీ. వంగుతాయి. అదే 12 మి.మీ. కడ్డీలైతే అందులో సగమే. మందం రెండు మి.మీ. పెరిగితే గట్టితనం రెట్టింపు ఎలా అయిందంటారా? గుండ్రటి కడ్డీ గట్టితనం మందానికి నాలుగో ఘాతంలో పెరుగుతుంది. ఈ ఒక్క సంగతి గుర్తుంటే కొనేటప్పుడు ఏ మోడల్ మేలో సగం తేలిపోతుంది.

అసలు మిషన్ ఇంతకంటే ఎక్కువే వంగుతుంది, ఎందుకంటే కడ్డీలే కాదు, బేరింగులు, ప్లాస్టిక్ పలకలు, స్పిండిల్ పట్టు, అన్నీ తలా కొంచెం ఇస్తాయి. కొలవడానికి ఒక డయల్ గేజ్ (సన్నటి కదలికని ముల్లుతో చూపే మీటర్), దాని మాగ్నెట్ స్టాండ్, ఒక కొక్కెం త్రాసు చాలు. అదే, పాత ఇనప సామాను కొనేవాళ్లు వేలాడదీసి తూచేది. డయల్ గేజ్ లేకపోతే లేత్ షాపులో ఒక గంట అడగండి, ఇస్తారు.

మిషన్ ఆన్ చేసి, మోటార్లు పట్టుకుని ఉండేలా ఉంచండి. స్పిండిల్ తిరగకూడదు, దాని తీగ ఊడదీయండి. కొల్లెట్‌లో (కట్టర్‌ని పట్టుకునే బిగింపు) కట్టర్ బదులు పాత డ్రిల్ బిట్ కాడ బిగించండి. గేజ్ ముల్లు దానికి ఒక వైపు ఆనించి సున్నా చేయండి. రెండో వైపు నుంచి కొక్కెం త్రాసుతో 2 కిలోలు చూపించేదాకా లాగి, గేజ్ ఎంత కదిలిందో రాసుకోండి. ఎడమ-కుడి ఒకసారి, ముందు-వెనక ఒకసారి. నా మిషన్‌లో మొదటిరోజు ముందు-వెనక 0.3 మి.మీ. దాకా వచ్చింది.

ఇప్పుడు అసలు పని. అంతే బలంతో లాగుతూ గేజ్‌ని వరుసగా స్పిండిల్ ఒంటి మీద, దాన్ని పట్టుకున్న బండి మీద, చివరికి నిలువు స్తంభాల మీద ఆనించి చూడండి. ఒక చోట నుంచి ఇంకో చోటికి అంకె ఎక్కడ ఒక్కసారిగా పడిపోతుందో, రోగం ఆ రెంటి మధ్యే ఉంది. నాకు కొల్లెట్ దగ్గర 0.3, బండి మీద 0.1 వచ్చింది. అంటే స్తంభాలు బాగానే ఉన్నాయి, స్పిండిల్‌ని పట్టుకున్న ప్లాస్టిక్ ముక్క ఇస్తోంది. దాని స్థానంలో అల్యూమినియం పట్టు వేసి, వదులుగా ఉన్న బోల్టులు బిగించాక మొత్తం 0.15కి దిగింది. కొత్త మోటార్ కొన్నా ఇంత లాభం వచ్చేది కాదు.

ఆ అంకెని పెద్ద అక్షరాలతో మిషన్ మీదే రాసి అంటించండి. తర్వాత దీని అవసరం ఉంది.

మూడో అడుగు: ప్లే, మూలమట్టం, కొలత

మెకానిక్‌లు ప్లే అనేదాన్నే పుస్తకాల్లో బ్యాక్‌లాష్ అంటారు. స్క్రూ దిశ మారినప్పుడు నట్టు లోపల కాస్త ఖాళీ తిరిగి, ఆ తర్వాతే బండి కదులుతుంది. గేజ్ ఆనించి ఒకే దిశలో రెండు మూడు మి.మీ. నడిపి సున్నా చేయండి. ఇంకో 1 మి.మీ. అదే దిశలో నడిపి, మళ్లీ 1 మి.మీ. వెనక్కి రమ్మనండి. సున్నాకి ఎంత తక్కువగా ఆగిందో అదే మీ ప్లే. ఈ చిన్న మిషన్లలో వాడే జీఆర్‌బీఎల్ కంట్రోలర్‌కి ఈ తేడాని సర్దే ఏర్పాటు లేదు, కాబట్టి సాఫ్ట్‌వేర్ చూసుకుంటుందని అనుకోవద్దు. నా ప్లేటు నాలుగు చోట్ల నొక్కినట్టు వచ్చింది దీనివల్లే. వృత్తం కోసేటప్పుడు నాలుగు చోట్ల ఏదో ఒక దిశ తిరగబడుతుంది, అక్కడ బండి ఒక క్షణం నిలబడుతుంది. స్ప్రింగ్ ఉన్న ప్లే తీసే నట్లు వేస్తే ఇది చాలావరకు పోతుంది. ఖరీదు తక్కువ.

మూలమట్టం సంగతి చిన్నదే. బండి నడిచే రెండు దిశలూ ఒకదానికొకటి లంబంగా ఉన్నాయో లేదో చూడటానికి 150 మి.మీ. చదరం ఒకటి ఎండీఎఫ్‌లో కోసి, రెండు కర్ణాలూ వెర్నియర్‌తో కాకపోయినా మంచి స్టీల్ స్కేలుతో కొలవండి. తేడా ఉంటే స్తంభాల బోల్టులు వదులు చేసి సర్దండి.

ఇక కొలత. కంట్రోలర్ బోర్డుకి $100, $101, $102 అని మూడు సెట్టింగులు ఉంటాయి, ఒక్కో మి.మీ.కి ఎన్ని స్టెప్పులు వేయాలో చెప్పేవి. 3018లో మామూలుగా 800 ఉంటుంది. 100 మి.మీ. నడవమంటే 99.5 నడిచిందనుకోండి, 800ని 100తో గుణించి 99.5తో భాగిస్తే 804.02. అది కొత్త విలువ. కానీ ముందు ప్లే తీసేయండి, తర్వాతే ఇది చేయండి. నేను తలకిందులుగా చేసి రెండు రోజులు పోగొట్టుకున్నాను. ప్లే వల్ల వచ్చిన తేడాని స్టెప్పుల్లో సర్దితే మీరు సరిచూసిన పొడవు ఒక్కటే సరిగ్గా వస్తుంది, మిగతా కొలతలు తప్పుతాయి. ఎందుకో అర్థం కాక తల పట్టుకుంటారు.

నాలుగో అడుగు: పలక, పట్టు

మిషన్ బల్ల మీద 12 మి.మీ. ఎండీఎఫ్ పలక ఒకటి బిగించి, దాని పైతలాన్ని ఆ మిషన్‌తోనే అర మి.మీ. లోతు చెక్కించండి. ఇక ఆ పలక మీ మిషన్ దృష్టిలో చదును. బల్ల వంకరైనా సరే, కట్టర్ నడిచే తలానికి పలక సమానంగా ఉంటుంది.

ముక్క పట్టుకోవడానికి నేను ఎక్కువగా వాడేది ఒక చిట్కా: పలక మీద మాస్కింగ్ టేప్, ముక్క వెనక మాస్కింగ్ టేప్, రెండు టేపుల మధ్య నాలుగు చుక్కల ఫెవిక్విక్. అక్రిలిక్, సన్నటి అల్యూమినియం రేకు, పీసీబీ, అన్నిటికీ పనికొస్తుంది. పని అయ్యాక టేపు పీకేస్తే చాలు. చెక్క మందంగా ఉంటే క్లాంపులే మంచివి, కానీ కట్టర్ క్లాంపుని ఢీకొనడం అందరికీ ఒకసారైనా జరుగుతుంది. జరిగినప్పుడు మొదట చూడాల్సింది విరిగిన కట్టర్ ముక్క ఎక్కడ పడిందో. కళ్లద్దాలు లేకుండా మిషన్ ముందు కూర్చోవద్దని చెప్పేది అందుకే.

ఐదో అడుగు: కట్టర్

ఈఆర్11 కొల్లెట్‌లో ఎక్కువగా 3.175 మి.మీ. కాడ ఉన్న కట్టర్లు వాడతాం. పెట్టెలో ఉచితంగా వచ్చే పది వీ-బిట్లతో (వీ ఆకారపు మొన ఉన్నవి) నామఫలకం చెక్కొచ్చు గానీ, కోయడానికి వాటిని వాడొద్దు. ప్లాస్టిక్‌కీ అల్యూమినియానికీ ఒకే పంటి ఎండ్ మిల్ (పక్కలతోనూ కోసే కట్టర్), చెక్కకి రెండు పళ్లది, మైనానికి గుండ్రటి కొన ఉన్న సన్నది.

కొల్లెట్ నుంచి కట్టర్ ఎంత బయటికి వచ్చిందో చూడండి. పొడవు రెట్టింపయితే వంగుడు ఎనిమిది రెట్లు అవుతుంది. 8 మి.మీ. చాలే చోట 16 బయటికి పెట్టడం ఎంత నష్టమో దీన్నిబట్టి చూసుకోండి.

ఆరో అడుగు: ఎంత వేగం, ఎంత లోతు

ఒక్కో పన్ను ఒక్కో చుట్టులో ఎంత మందం తీస్తుందన్నదే అసలు ప్రశ్న. దాన్ని చిప్ లోడ్ అంటారు. సూత్రం ఒకటే: నిమిషానికి చుట్లు × పళ్లు × చిప్ లోడ్ = ఫీడ్, అంటే కట్టర్ నిమిషానికి ఎన్ని మి.మీ. ముందుకి నడుస్తుందో. ఉదాహరణకి అక్రిలిక్, 10,000 చుట్లు, ఒకే పన్ను, 0.03 మి.మీ. చిప్ లోడ్ అంటే నిమిషానికి 300 మి.మీ.

కొత్తవాళ్లంతా చేసే తప్పు భయంతో ఫీడ్ మరీ తగ్గించడం. నిమిషానికి 50 మి.మీ. పెడితే పన్ను కోయదు, రుద్దుతుంది. రుద్దితే వేడి. వేడికి అక్రిలిక్ కరిగి కట్టర్‌కి జున్నులా చుట్టుకుంటుంది. భయం ఉంటే ఫీడ్ కాదు, లోతు తగ్గించండి. మిషన్ వంగేది కోసే బలం వల్ల, ఆ బలం లోతుతో పాటు తగ్గుతుంది. చిన్న మిషన్‌తో బతకడానికి ఇదొక్కటే సూత్రం అనుకోండి: చాలా పలచగా, చాలాసార్లు.

నేను 3.175 మి.మీ. కట్టర్‌తో మొదలుపెట్టే అంకెలు చెబుతాను. ఎండీఎఫ్, మెత్తటి చెక్క: లోతు 1 మి.మీ., ఫీడ్ 600. టేకు, వేప: లోతు అర మి.మీ., ఫీడ్ 500. వేపలో ముడి వస్తే చప్పుడు మారుతుంది, వినండి. అక్రిలిక్: లోతు అర మి.మీ., ఫీడ్ 300. షీటు కొనేటప్పుడు కాస్ట్ అక్రిలిక్ అడిగి తీసుకోండి, ఎక్స్‌ట్రూడెడ్ రకం త్వరగా కరుగుతుంది. హెచ్‌డీపీఈ: లోతు 0.8, ఫీడ్ 600. అల్యూమినియం: లోతు 0.1 నుంచి 0.2, ఫీడ్ 200, కాస్త కిరోసిన్ తడి. ఇవి మొదలే. రెండో అడుగులో మీ అంకె 0.1 కంటే తక్కువ వస్తే లోతు కొంచెం పెంచుకోండి, 0.3 దాటితే సగం చేయండి.

చప్పుడే అసలు మీటర్. సరిగ్గా కోస్తున్నప్పుడు ఒకే స్వరంలో బుసలాగా వస్తుంది. కీచుమంటే రుద్దుతోంది. దడదడలాడితే వంగుతోంది. రజను కూడా చూడండి: పొడిలా కాకుండా చిన్న చిన్న తునకలుగా రావాలి.

ఏడో అడుగు: మొదటి పని పేరు బోర్డు

సాఫ్ట్‌వేర్ గురించి ఎక్కువ చెప్పను. తెలుగు అక్షరాలు గీయడానికి ఇంక్‌స్కేప్, ఘనాకారాలకి ఫ్రీక్యాడ్, మిషన్‌కి పంపడానికి క్యాండిల్, మూడూ ఉచితం. తెలుగు ఫాంట్లతో ఒక జాగ్రత్త: అక్షరాన్ని గీతలుగా మార్చాక వత్తులూ గుణింతాలూ ఒకదాని మీద ఒకటి దొర్లి ఉంటాయి. వాటిని కలిపి ఒకే ఆకారం చేయకపోతే కట్టర్ అక్షరం మధ్యలో గీత కోసేస్తుంది. నేను "శ్రీ" అన్న అక్షరంలో ఇది కళ్లారా చూశాను, అదీ ఒక పెళ్లి బహుమతి బోర్డులో.

మిషన్‌ని మొదట గాల్లో నడిపించండి. సున్నాని (మిషన్ కొలతలు మొదలుపెట్టే చోటు) ముక్క కంటే 10 మి.మీ. పైన పెట్టి మొత్తం ప్రోగ్రాం తిప్పితే క్లాంపులకి తగులుతుందేమో, ముక్క దాటి పోతుందేమో తెలిసిపోతుంది. తర్వాత ఎత్తు సున్నా చేయడానికి ఒక సన్నటి కాగితం కట్టర్ కింద పెట్టి, కాగితం పట్టుబడేదాకా పదో వంతు మి.మీ. చొప్పున దింపండి. కాగితం మందం 0.1 మి.మీ. ఉంటుంది, అంత తీసేయండి. చెక్కలో అది పట్టింపు లేదు.

పీసీబీలో మాత్రం పట్టింపే. రాగి పొర మందం 0.035 మి.మీ. మాత్రమే. కొన దగ్గర 0.1 మి.మీ., కోణం 30 డిగ్రీలు ఉన్న వీ-బిట్ 0.1 లోతుకి దిగితే గీత వెడల్పు 0.15. బోర్డు ఒక చోట 0.1 ఎత్తుగా ఉంటే అక్కడ లోతు 0.2 అయి గీత 0.2 దాటుతుంది, పక్కనున్న సన్నటి రాగి దారి పోతుంది. క్యాండిల్‌లో హైట్ మ్యాప్ ఉంది, బోర్డు ఎత్తుపల్లాలు తాకి కొలిచి సర్దుకుంటుంది. పీసీబీకి అది లేకుండా ఒక్క అడుగు కూడా వేయకండి.

ఎనిమిదో అడుగు: పని ఒప్పుకునే ముందు టైము లెక్క వేయండి

మళ్లీ ఆ సీడ్ ప్లేట్ దగ్గరికి వద్దాం. వ్యాసం 150 మి.మీ. 180 మి.మీ. ప్రయాణంలో పడుతుంది. కట్టర్ మధ్య గీత నడిచే చుట్టు సుమారు 481 మి.మీ.

5 మి.మీ. అల్యూమినియం, పొరకి 0.2 లోతు అంటే 25 పొరలు. ఫీడ్ 200 అయితే ఒక్కో చుట్టుకి 2.4 నిమిషాలు. బయటి అంచుకే గంట. గింజ పడే గుంతలు, మధ్య రంధ్రం, బోల్టు రంధ్రాలు అన్నీ కలిపితే రెండున్నర గంటలు, అది కూడా కట్టర్ విరగకపోతే.

6 మి.మీ. హెచ్‌డీపీఈ, పొరకి 0.8 అంటే 8 పొరలు. ఫీడ్ 600కి ఒక్కో చుట్టు 0.8 నిమిషం. బయటి అంచు ఆరున్నర నిమిషాలు.

ఇక్కడే చిన్న మిషన్ బలం కూడా కనిపిస్తుంది. వేరుశనగలో రకం మారితే గింజ సైజు మారుతుంది. కదిరి-6 గింజకి సరిపోయే గుంత ఇంకో రకానికి సరిపోకపోవచ్చు. గుంత చిన్నదైతే గింజ నలుగుతుంది, పెద్దదైతే రెండేసి పడతాయి. పెద్ద వర్క్‌షాప్ ఒక్క ప్లేటు కోసం ప్రోగ్రాం రాయదు, రాసినా దాని ఖర్చు రైతుకి గిట్టదు. నేను మాత్రం రైతు తెచ్చిన విత్తనంలోంచి ఇరవై గింజలు వెర్నియర్‌తో కొలిచి, గుంత సైజు అర మి.మీ. మార్చి, అరగంటలో కొత్త ప్లేటు ఇవ్వగలను. ఒకటి, రెండు, ఐదు ముక్కల పని చిన్న మిషన్‌ది. యాభై ముక్కలు కావాలంటే అచ్చు పోయించుకోవడమే మంచిది.

మైనానికీ ఇదే లెక్క. 25 మి.మీ. చదరం లాకెట్టు పైభాగం, 0.5 మి.మీ. వ్యాసార్ధం గుండ్రటి కొన, గీతకీ గీతకీ మధ్య 0.1 మి.మీ. 250 గీతలు, మొత్తం 6,250 మి.మీ. ఫీడ్ 400 అయితే దాదాపు పదహారు నిమిషాలు. గీతల మధ్య మిగిలే గట్టు 0.0025 మి.మీ., వేలికి తెలియదు. అల్యూమినియంలో చేతకాని మిషన్ ఇక్కడ నగల పనికి పనికొస్తుంది.

తొమ్మిదో అడుగు: వద్దనడం నేర్చుకోండి

ఇనుము వద్దు. ఒకే లోతు, ఒకే ఫీడ్ అయినా మెత్తటి ఉక్కుకి అల్యూమినియం కంటే రెండు మూడు రెట్ల బలం కావాలి. చుట్లు తగ్గించి కోద్దామా అంటే 775 మోటార్‌కి తక్కువ చుట్ల దగ్గర సత్తువ ఉండదు. పంపుసెట్టు షాఫ్ట్ కీ చేయమని వచ్చినవాళ్లని నేను లేత్ అన్న దగ్గరికే పంపుతాను. ఆయన నా దగ్గరికి ప్లాస్టిక్ పనులు పంపుతాడు. లెక్క సరిపోయింది.

ఇత్తడి మీద పేర్లు చెక్కొచ్చు, 0.1 లోతులో బాగా వస్తుంది. మందంగా కోయాలంటే వద్దు.

మన వైపు అందరూ అడిగేది బండ. తాడిపత్రి, బేతంచెర్ల, కడప, ఎక్కడ చూసినా బండే కాబట్టి అడగడంలో తప్పులేదు. నల్ల కడప బండ సున్నపురాయి. అందులో ఎక్కువగా ఉండే కాల్సైట్ గట్టితనం మోస్ కొలతలో 3. గ్రానైట్‌లోని స్ఫటికానికి 7. నునుపు చేసిన కడప బండ మీద వజ్రపు మొన ఉన్న స్ప్రింగ్ బిట్‌తో, స్పిండిల్ ఆపేసి, గీసుకుంటూ పోతే పేరు తేలికగా పడుతుంది. నలుపు మీద తెల్లటి గీత చూడటానికి బాగుంటుంది. గ్రానైట్ మీద అదే బిట్‌తో సన్నగా గీత పడుతుంది గానీ, లోతుగా చెక్కమంటే ఈ మిషన్ వల్ల కాదు. సమాధుల మీద, శంకుస్థాపన పలకల మీద చెక్కేవాళ్లకి వేరే పనిముట్లు ఉన్నాయి. పైగా గ్రానైట్ దుమ్ములోని సిలికా ఊపిరితిత్తులకి ప్రమాదం.

పదో అడుగు: కరెంటు, ఎండ, దుమ్ము

స్టెప్పర్ మోటార్లకి తామెక్కడున్నాయో తెలియదు, చెప్పినన్ని స్టెప్పులు వేయడమే తెలుసు. మధ్యలో కరెంటు పోతే మిషన్‌కి దిక్కు తెలియదు. హోమింగ్ స్విచ్‌లు పెట్టుకుంటే, కరెంటు వచ్చాక మిషన్ మూలకి వెళ్లి తన చోటు కనుక్కుంటుంది, ముందు పెట్టిన సున్నాని బోర్డులో సేవ్ చేసి ఉంటే అది జ్ఞాపకంలో ఉంటుంది, ఆగిన పొర నుంచి మళ్లీ మొదలుపెట్టొచ్చు. స్విచ్‌లు లేకపోతే ముక్క పారేయడమే. కంప్యూటర్‌కీ మిషన్‌కీ కలిపి ఒక యూపీఎస్ ఉంటే టెన్షన్ ఉండదు. రెండున్నర గంటల పనిని సాయంత్రం కరెంటు పోయే టైములో మొదలుపెట్టే ధైర్యం నాకైతే లేదు.

ఎండ సంగతి ఎవరూ చెప్పరు. 300 మి.మీ. అక్రిలిక్ పది డిగ్రీలు వేడెక్కితే దాదాపు 0.2 మి.మీ. సాగుతుంది. మే నెలలో రేకుల షెడ్డులో మధ్యాహ్నం కోసిన రెండు ముక్కలు రాత్రి ఒకదానిలో ఒకటి దూరకపోతే మిషన్‌ని తిట్టకండి. జతగా అమరాల్సిన ముక్కలన్నీ ఒకే పూట కోయండి.

మన పొడి గాలిలో ఇంకో పీడ ఉంది. వాక్యూం పైపులోంచి ప్లాస్టిక్ పొట్టు పోయేటప్పుడు స్టాటిక్ పుడుతుంది, అది చిటుక్కుమనగానే యూఎస్‌బీ తెగిపోయి మిషన్ ఆగుతుంది. పైపు పొడవునా సన్నటి రాగి తీగ చుట్టి ఎర్తింగ్‌కి కలిపాక నాకు అది పోయింది. దానికి ముందు కేబుల్ మూడుసార్లు మార్చాను, దండగ.

జాగ్రత్తలు కొన్నే, కానీ ఖచ్చితంగా: కళ్లద్దాలు, ఎండీఎఫ్‌కీ పీసీబీకీ మాస్కు పెట్టుకోండి. వదులు చేతులున్న చొక్కా, భుజం మీద తువ్వాలు వద్దు. చేతికి గ్లవుజులు అసలు వద్దు, తిరిగే కట్టర్ వాటిని పట్టుకుని చేతిని లాగుతుంది. మిషన్ నడుస్తున్నప్పుడు గది వదిలి వెళ్లొద్దు. మొదట్లో టీ తాగి వచ్చేసరికి అయిపోయిందని రాశాను కదా, అది నేను చేసిన తప్పే.

పదకొండో అడుగు: నెలకొక పూట

స్క్రూల మీద పాత నూనె, పొట్టు కలిసి జిగురులా అవుతుంది. గుడ్డతో తుడిచి కొత్తగా రెండు చుక్కలు వేయండి. కడ్డీల మీద కూడా అంతే, ఎక్కువ వేస్తే దుమ్ము పట్టుకుంటుంది. 775 మోటార్‌లో బ్రష్‌లు అరుగుతాయి, వాసన, నిప్పురవ్వలు ఎక్కువైతే రోజులు దగ్గర పడినట్టే. ఒక మోటార్ అదనంగా తెచ్చి పెట్టుకోండి, పని మధ్యలో పోయినప్పుడు ఆర్డర్ పెట్టి ఎదురుచూడటం కష్టం.

తర్వాత కొక్కెం త్రాసు, డయల్ గేజ్ తీసి రెండో అడుగు మళ్లీ చేయండి. మిషన్ మీద అంటించిన అంకె 0.15 అయి ఇప్పుడు 0.22 వస్తే ఎక్కడో బోల్టు వదులైంది. వెతికి బిగించి, మళ్లీ కొలిచి, పాత అంకె కింద తేదీ వేసి కొత్తది రాయండి. నా మిషన్ మీద ఇప్పుడు పద్నాలుగు అంకెలున్నాయి. వాటి పక్కనే ఇంకో చీటీ ఉంది, లేత్ అన్న రాసి అంటించింది: "ఇనుము తేవద్దు."